రైలు హెడ్డుగారు రాసిన కాయితం
(సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పోలీసును తలుచుకోడానికి దళితులు సభ పెట్టడమేంటని కార్యకర్తలు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. లాఠీ దెబ్బ ఎరగని మాలపల్లె గానీ మాదిగపల్లె గానీ ఈ జిల్లాల్లో ఎక్కడుంది? 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే మనవాళ్లు 8 మందిని పొలాలెంట తరిమి నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ చుండూరు కూడా మన విజయవాడ–గూడూరు లైను మీదదే. అదంతా మరిచిపోయి ఖాకీ బట్టకి దండెయ్యడానికి మేము రాలేదు. పోయిన నెల కన్నుమూసిన ఒక మనిషి 50 ఏళ్ల కిందట ఏం చేశాడో చెప్పడానికి వచ్చాం.

ఆయన పేరు మా పల్లెలో ఎవరికీ సరిగ్గా తెలియదు. రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబులు కాబట్టి రైలు హెడ్డుగారు అనేవాళ్లం. ఆ రోజుల్లో బియ్యం, ధాన్యం రవాణా మీద సర్కారు ఆంక్షలుండేవి. మిల్లు లారీలు రాత్రిపూట దర్జాగా పోయేవి. వరికోతలకెళ్లి కూలి గింజలు నెత్తినబెట్టుకొని బండి దిగిన మన ఆడవాళ్లు మాత్రం దొంగలు! గేటు దగ్గర మూటకి సోలెడు గింజలు తీసుకుంటే తప్ప వదిలేవాళ్లు కాదు. హెడ్డుగారు వచ్చాక సుద్దముక్క పట్టుకొని నిలబడేవాడు. “ఇవి కూలి గింజలు, వ్యాపారం సరుకు కాదు” అని మూట మీద అడ్డగీత గీసేవాడు. గీత ఉన్న మూట జోలికి ఎవరూ రాకూడదు. అంతే.

1974 డిసెంబరులో, కోతల్లోనే, మావాళ్లు ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ ఎక్కి కూర్చున్నారు. లేవమన్నారు మోతుబరుల కుర్రాళ్లు. లేవలేదు. తన్నారు. ఒకతనికి చెయ్యి విరిగింది. గేటు దాటి పరిగెత్తి ఊళ్లో ఠాణాకి పోతే, “రైలు స్టేషన్లో జరిగింది మాకు సంబంధం లేదు పొండి” అన్నారు. తిరిగొస్తే ఎస్సై లేడు, హెడ్డే ఇన్‌చార్జి. “ప్లాట్‌ఫారం మీద జరిగింది నాదే, నేనే రాయాలి” అన్నాడు. తన కూజాలో నీళ్లు గ్లాసుతో చేతికిచ్చాడు. దోసిట్లో పోయలేదు.

రాసింతర్వాత చదివి వినిపించాడు. “ఇరువర్గాల మధ్య ఘర్షణ” అని ఉంది అందులో. మా పెద్దమ్మ ఒకామె లేచింది. “ఘర్షణేంటయ్యా? వాళ్లు తన్నారు, మేం తిన్నాం” అంది. ఆయన ఒక్క నిమిషం ఆగి, ఆ కాయితం చించేసి మళ్లీ రాశాడు. కులం పేరెత్తి తిట్టిన మాట చెప్పడానికి ఆమె నోరు రాలేదు. “తిట్టిన మాట తిట్టినట్టే ఉండాలమ్మా, లేకపోతే కేసు నిలవదు” అని చెప్పించుకొని రాశాడు. రెండోసారి కూడా మొత్తం చదివి వినిపించాకే వేలిముద్రలు. నకలు ఒకటి చేతికిచ్చాడు, పైసా తీసుకోకుండా. ఉచితంగా నకలివ్వాలని ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఉన్నది ఎంతమంది ఇచ్చారు?

అప్పటికి 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టమే దిక్కు. శిక్ష ఆర్నెల్లు మించదు, లేదంటే 500 రూపాయల లోపు జరిమానా. పైగా కోర్టు ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. ఆ సందు 1976 సవరణతోగానీ మూతపడలేదు. రాజీకి డబ్బు సంచితో పల్లెకొచ్చారు. మా పెద్దలు కదల్లేదు. ఇద్దరికి జరిమానా పడింది, జైలు పడలేదు. హెడ్డుగారికి మూడు నెలల్లో బదిలీ వచ్చింది. ఎందుకని అడిగితే నవ్వి, రైలు ఉద్యోగం గదా అన్నాడట.

ఆయనదేం కులం అని అడుగుతున్నారు. అడగాల్సిందే, ఈ దేశంలో ఆ ప్రశ్న దాచేవాడినే నమ్మకూడదు. చాకలి ఇంట పుట్టాడు. ఊరి మురికి వదలగొట్టే కులం నుంచి వచ్చినవాడు మన మాట విన్నాడంటే మాకు ఆశ్చర్యం లేదు. అయితే ఆయన కులంలో పుట్టిన పోలీసులందరూ అలా చేశారా? లేదు. కాబట్టి మంచితనాన్ని కులంతో సరిపెట్టకండి, ఆ మనిషికి దక్కాల్సింది దక్కనివ్వండి.

కార్యకర్తలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆయన దయగా చేసిన పని ఇవాళ చట్టం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షను, 2015 సవరణ తర్వాత, స్పష్టంగా చెబుతోంది. నోటితో చెప్పిన ఫిర్యాదు రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. నకలివ్వాలి. కావాలని ఎగ్గొట్టిన అధికారి ఎస్సీ, ఎస్టీ కానివాడైతే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు. “మా పరిధి కాదు” అనే మాట కూడా ఇక చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త కోడ్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. వినిపించకుండా వేలిముద్ర అడిగితే చెయ్యి చాపకండి. “ఘర్షణ” అని రాస్తే మా పెద్దమ్మలాగా లేవండి.

చుండూరు కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొని 2007లో 21 మందికి యావజ్జీవం వేయించుకున్నాం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. మొదటి కాయితం ఎంత గట్టిగా ఉండాలో మనకంటే ఎవరికి తెలుసు?

హెడ్డుగారు ఇచ్చిన నకలు పెద్దమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. మడతలు చిరిగాయిగానీ అక్షరాలు పోలేదు. జిరాక్సులు తీయించి గుమ్మం దగ్గర పెట్టాం. చదువొచ్చిన పిల్లలు తలా ఒకటి తీసుకొని, రాని పెద్దలకి పైకి చదివి వినిపించండి. భోజనాలు ఆ తర్వాత.

జై భీమ్.