పనిలేని నడక

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. రక్తహీనత గురించి, గర్భసంచి ఆపరేషన్ల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. నేను నడక గురించి చెబుతాను. ఇదీ ఒక సమస్యేనా అని నవ్వుకున్నా ఫరవాలేదు.

నడవడం నాకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పటి నుంచి నడుస్తూనే ఉన్నాను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా ఊరూరా తిరిగాం. ఆ తర్వాత కోర్టులకూ, పోలీసు స్టేషన్లకూ. ఎప్పుడూ ఏదో పని మీద, గబగబా. పనిలేకుండా ఒక్కరోజైనా నడిచానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు.

నాలుగేళ్ల కిందట షుగరు బయటపడింది. డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నారు. విద్యానగర్‌లో మా వీధివాళ్లం ఐదుగురం కలిసి అడిక్‌మెట్ వంతెన దాటి, ఆంధ్ర మహిళా సభ మీదుగా ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాం. మొదటి వారం నాకు ఒళ్లు మండిపోయేది. ఒక పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. ఇంకొకావిడ కనిపించిన ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది. నేను ముందుకెళ్లిపోయి, వాచీ చూసుకుంటూ నిలబడేదాన్ని. ఒకరోజు ఆ పెద్దావిడ అడిగేసింది: "ఏమమ్మా, మమ్మల్ని మీటింగుకు తోల్కపోతున్నవా?" సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఆమె అడుగే నా అడుగు.

అలా నెమ్మదించాక తెలిసినవి చాలా ఉన్నాయి. సర్వే కాగితాలు పట్టుకుని వెళితే "మాకేం కష్టం లేదమ్మా" అనే మనుషులే, పక్కపక్కన నడుస్తుంటే చెబుతారు. మొహం చూడక్కర్లేదు కదా! తన పింఛను కార్డు కొడుకు దగ్గరుందని, మందులకు కూడా వాణ్ణే అడగాలని ఆ పెద్దావిడ ఎనిమిది నెలల తర్వాత చెప్పింది. నేను అడగలేదు. అయినా రోజూ కష్టాలే అనుకునేరు. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని మేం నవ్వే నవ్వులకు కుర్రాళ్లు తిరిగి చూస్తారు.

అయితే మా ఐదుగురిలో నలుగురికి షుగరో, బీపీయో ఉంది. మమ్మల్ని గడప దాటించింది డాక్టరు చీటీ. ఐదో అమ్మాయి కొత్త కోడలు, ఏ జబ్బూ లేదు. వాళ్లత్తగారు "నీకేం రోగమొచ్చిందని నడక?" అంది. టీకొట్టు దగ్గర గంటలు గంటలు నిలబడే మగవాణ్ణి ఈ మాట ఎవరైనా అడిగారా? రోడ్డు మీదికొచ్చిన ఆడది ఏదో ఒక పని చూపించాల్సిందేనని, ముంబాయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ‘వై లాయిటర్?’ పుస్తకంలో రాశారు. మన ఊళ్లలో బిందె, చెంబు, కూరగాయల సంచీ, గుడికైతే కొబ్బరికాయ. మరుగుదొడ్లు కట్టాక తెల్లవారుజామున కలిసి చెప్పుకునే మాటలు పోయాయని ఒక ఊళ్లో ఒకామె నాతో అంది. చీకట్లో భయపడుతూ వెళ్లిన రోజులు తిరిగి రావాలని కాదు ఆమె ఉద్దేశం. కలుసుకోడానికి వాళ్లకు ఆ వేళ తప్ప ఇంకో వేళ ఉండేది కాదు.

తీరిక మాటకొస్తే, 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97. ఇంటిపని ముట్టనివాళ్లు ఆ సగటులో లేనేలేరు! ఆ అమ్మాయి మాతో నడవాలంటే నాలుగున్నరకే లేచి వంట ముగించాలి. నడకకు పోయేది ఆమె నిద్రే.

మన శిక్షణా తరగతులూ అంతే, ఉదయం నుంచి రాత్రిదాకా ఉపన్యాసాలు. సాయంత్రం ఒక గంట ఖాళీగా వదిలేయండి. కలిసి అలా తిరిగి రండి. రిపోర్టు రాయకండి.

ఆ కోడలి సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్లత్తగారితో మేం వాదించలేదు. రోజూ ఐదున్నరకు గేటు దగ్గర నిలబడి పిలిచేవాళ్లం. పన్నెండు రోజులు తలుపు తెరుచుకోలేదు. పదమూడో రోజు అత్తగారే తిట్టడానికి బయటికొచ్చింది. మీరూ రండి వదినా అన్నాం. రెండు రోజులు వంతెన దాకా వచ్చి మానేసింది. కోడలు మాత్రం రోజు విడిచి రోజు వస్తోంది. నల్లా వచ్చే పొద్దున నీళ్లు పట్టే పని ఆమెదే. రేపు నల్లా రాదు, ఆమె వస్తుంది.