మన లిపికి చోటు అడిగే పద్ధతి



పోర్టులో, ఉక్కు ఫ్యాక్టరీలో పని కోసం కొండ దిగివచ్చిన మనవాళ్ల పిల్లలు ఇవాళ విశాఖలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. అమ్మమ్మ పాటను మన లిపిలో రాయబోతే తెరమీద ఖాళీ డబ్బాలు వస్తాయి. "మా భాషంటే లెక్కలేదా?" అని రాసేస్తాం. కోపం న్యాయమే. కానీ ఆ ఉత్తరం చదివినవారికి ఏం సరిచేయాలో తెలియదు.

ముందు ఎవరిని అడగాలో చూసుకోవాలి. సవర భాషకు మంగేయి గొమాంగో గారు 1936లో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అందులో 25 అక్షరాలు, 10 అంకెలు ఉన్నాయి. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గోండి లిపి 2018లో చేరింది. అంటే ఈ రెండింటికీ నంబర్లు వచ్చేశాయి. డబ్బాలు కనిపిస్తే చాలాసార్లు ఫాంటు లేనట్టే. గూగుల్ వారి నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, పెట్టి చూడండి. టైపు చేసే వీలే లేకపోతే కీబోర్డు చేసినవారిని అడగండి. రెండూ ఉండి కూడా అక్షరం విరిగిపోతుంటే, అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారికి రాయండి.

"తెలుగు వస్తోంది కదా, మాదెందుకు రాదు?" అని దెబ్బలాడకండి. దానికో కారణం ఉంది. తెలుగు అక్షరాల నంబర్లు 3072 దగ్గర మొదలవుతాయి. సొరంగ్ సొంపెంగ్‌వి 69,840 దగ్గర. 65,535 దాటిన నంబరును చాలా ప్రోగ్రాములు లోపల రెండు ముక్కలుగా దాచుకుంటాయి. ఆ రెండూ కలిస్తేనే ఒక అక్షరమని మరిచిన ప్రోగ్రాము ఒక ముక్కనే చెరిపేస్తుంది. ఈ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్క రాస్తే అవతలివారికి దారి దొరుకుతుంది.

తెలుగుకూ ఇబ్బందులు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్ యాప్‌లు ఆగిపోయాయి. ఏ అక్షరాలు, ఏ వరుసలో అన్నది స్పష్టంగా తెలిసింది. ఆ నెలలోనే ఆపిల్ సరిచేసింది.

కాబట్టి ఉత్తరంలో ఇవి ఉండాలి: ఏ ఫోను, ఏ వెర్షను, ఏం టైపు చేశాం, ఏం కనిపించింది, ఏం కనిపించాలి. ఫొటోతోపాటు ఆ అక్షరాలను కూడా పంపండి. అదే సంగతి ముందే ఎవరైనా అడిగారేమో చూడండి. ఒక ఉత్తరంలో ఒక్క సమస్యే పెట్టండి. చాలామంది జీతం లేకుండా, తీరిక వేళల్లో ఈ పని చేస్తారు. గడువులు పెట్టకండి. "మీరు మార్చాక మేం పరీక్షించి చెబుతాం" అనండి. అన్న మాట నిలబెట్టుకోండి. పని అయ్యాక కృతజ్ఞత చెప్పండి.

ఇంకొక్క మాట. "సవరలందరి లిపీ ఇదే" అని రాయకండి. మన రాష్ట్రంలో సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒడిశాలో సొరంగ్ సొంపెంగ్ రాసేవారున్నారు. ఎవరి తరఫున అడుగుతున్నామో, పెద్దలను కనుక్కొని రాయాలి.

గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకోవడానికి సవరలనే గురువులుగా పెట్టుకున్నారు. ఈనాడు సాఫ్ట్‌వేర్ చేసేవారికీ అలాంటి గురువులు కావాలి. ఓపికగా చెప్పే ఆ పని మన పిల్లలదే.