జైలు తండ్రికి, శిక్ష పిలకాయలకా?

(నెల్లూరు సముద్ర తీరంలోని ఒక దళితవాడ సభలో చేసిన ప్రసంగం)



మేం బడిపంతుళ్ళం. రోజూ పొద్దున్నే హాజరు పిలుస్తాం. మొన్న ఆరో తరగతిలో ఒక పేరు పిలిస్తే పలికేవాడు లేడు. పదిరోజులుగా రావడం లేదు. 'వాడు జైలోడి కొడుకు సార్, ఇంక రాడు' అన్నాడొకడు. పిలకాయలంతా నవ్వారు.

సందేళ ఆ ఇంటికి పోయాం. తండ్రి రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు. మోటారు పోయిందని కేసు పెట్టి తీసుకుపోయారు. ఎనిమిది నెలలైంది. రెండో నెలలోనే బెయిలు వచ్చిందంట! జామీను నిలిచేవాళ్ళు ఇద్దరు దొరక్క మనిషి లోపలే ఉన్నాడు. తల్లి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి వకీలుకు ఇచ్చింది. ఆ అప్పు తీర్చను పిల్లోడు గుంటల కాడ మేత చల్లుతున్నాడు. తండ్రి తప్పు చేశాడో లేదో కోర్టు ఇంకా తేల్చలేదు. బిడ్డకు మాత్రం శిక్ష పడిపోయింది.

ఇది ఈనాటిది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. మన జిల్లాలోనే కప్పరాళ్లతిప్పలో ఎరుకల కుటుంబాలను సెటిల్మెంటులో పెట్టారు. ఆ చట్టం లెక్కలో కులమే నేరం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు. 1952 నాటికి దేశమంతా ఆ చట్టం పోయింది. 'జైలోడి కొడుకు' అనే మాటలో ఇంకా బతికే ఉంది. ఆ మాట ఊళ్ళో పెద్దకులపోళ్ళు అంటే కొట్లాడతాం. మన వాడలోనే అంటుంటే?

2022 సర్కారు లెక్క ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది విచారణ ఖైదీలే. ఆస్తి ఉన్నోడు బయటికొస్తాడు. పాసుబుక్కు లేనోడు మగ్గిపోతాడు.

చట్టంలో మనకున్న దారులు తెలుసుకోండి. 1987 చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్న ఎవరికైనా వకీలును ఉచితంగా ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోను చేయండి. అప్పు చేయొద్దు. బెయిలొచ్చి 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. తల్లే జైలుకు పోతే ఆరేళ్ళలోపు బిడ్డను ఆమె దగ్గర ఉంచుకోవచ్చు; ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదని 2006లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే తీర్పొచ్చింది.

కాగితం మీది చట్టం దానంతటది నడిచి వాడకు రాదు. మనమే మోసుకురావాలి. ములాఖత్‌కు పోను ఆ తల్లికీ బిడ్డకూ బస్సు ఛార్జీ వాడ తలా కొంచెం వేసుకోవాలి. బడి మానిన బిడ్డను తిరిగి బడికి తేవడం పంతుళ్ళ పని. గురుకులంలోనో హాస్టల్లోనో సీటు కోసం మేం తిరుగుతాం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. జామీనుకు ఉద్యోగస్తుల జీతం సర్టిఫికెట్టు పనికొస్తుంది. ఆ తల్లి ఆరు నెలల కిందట మా దగ్గరికీ వచ్చింది. 'కోర్టు గొడవ మనకెందుకు' అని మేం తప్పించుకున్నాం. రిజర్వేషన్‌తో చదివి, ఉద్యోగం తెచ్చుకుని, వాడ గడప మరిచాం. ఈ సోమవారం మాలో ఇద్దరం సర్టిఫికెట్లు పట్టుకుని కోర్టుకు పోతున్నాం. ఉద్యోగాలున్న మన బిడ్డలు ఇంకా ఎవరొస్తారు? చేతులెత్తండి!

జై భీమ్!