రాయగడ నుంచి నెహ్రూకు వెళ్లిన అర్జీ



1953లో రాయగడ నుంచి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు ఒక అర్జీ వెళ్లింది. పంపింది కోరాపుట్ జిల్లా భూస్వాములు, వడ్డీ వ్యాపారులు. రాయగడలో స్పెషల్ అసిస్టెంట్ ఏజెంటుగా ఉన్న గోపీనాథ్ మహంతి మీద అది ఫిర్యాదు. ఆయన ఆదివాసుల కోసమే పుట్టినట్టు నడుచుకుంటున్నాడని, కోర్టులోనూ క్యాంపులోనూ బంగళాలోనూ ఎప్పుడు చూసినా ఆయన చుట్టూ వాళ్లే ఉంటున్నారని, షావుకార్ల తగాదా విచారణకు వస్తే ఆయన మనసు నిలకడగా ఉండదని అందులో రాశారు. ఆ రోజుల్లో జిల్లాలో పనిచేసే ఒక అధికారి మీద నేరుగా ప్రధానికే ఫిర్యాదు వెళ్లడమంటే ఉద్యోగానికి ఎసరు పెట్టడమే.

మహంతి అప్పటికే పేరున్న నవలాకారుడు. 1938లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, కోరాపుట్ కొండల్లో తిరుగుతూ అక్కడి మనుషుల భాషలు నేర్చుకున్నారు. 1945లో వచ్చిన ‘పరజా’లో సుక్రు జాని అనే రైతు అప్పు కింద తాను వెట్టికి పోతాడు, కొడుకులూ వెట్టి పాలవుతారు, భూమినీ పోగొట్టుకుంటాడు. షావుకారు పద్దు ఎలా పెరుగుతుందో, చిన్నగా మొదలైన బాకీ ఒక కుటుంబాన్ని ఎలా మింగేస్తుందో ఆ నవల చదివినవాళ్లు మరిచిపోలేరు. నవలలో రాసిన మాటనే ఆయన న్యాయస్థానంలోనూ నమ్మారు. అర్జీదారులకు కంటగింపైంది అదే.

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. న్యాయం చెప్పవలసిన అధికారి మీద పక్షపాతం అన్న నింద చిన్నది కాదు. అర్జీ రాసింది వడ్డీ వ్యాపారులు కదా అని దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. నింద నిజమా కాదా అన్నది తేల్చవలసింది చట్టం. కోరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖపట్నం జిల్లాలో భాగం. అందువల్ల 1917 నాటి మద్రాసు ఏజెన్సీ భూబదలాయింపు చట్టం ఈ కొండలకూ వర్తించింది. వడ్డీ ఏటా నూటికి 24 దాటకూడదు, చక్రవడ్డీ కట్టకూడదు, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు అని ఆ చట్టం చెప్పింది. రుణం పేరిట సాగే వెట్టిని రద్దు చేస్తూ 1948లో ఒడిశా ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చింది. భూమి చేతులు మారడాన్ని అడ్డుకునే మరో రెగ్యులేషన్ 1956లో వచ్చింది. ఆదివాసికి అండగా నిలిచిన అధికారి చట్టాన్ని దాటలేదు. అప్పటిదాకా కాగితం మీదే ఉన్న చట్టాన్ని నడిపించాడు.

మహంతి 1969 దాకా ఉద్యోగంలో ఉన్నారు. అర్జీ వెళ్లిన రెండేళ్లకు, 1955లో, కోంధు ఆదివాసుల జీవితం మీద రాసిన ‘అమృతర సంతాన’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1973లో జ్ఞానపీఠం అందుకున్నారు.

రాయగడ అర్జీకి ఒక మర్యాద ఉంది. దాన్ని పంపినవాళ్లెవరో తెలుసు, అందులో జవాబు చెప్పగల ఆరోపణ ఉంది. ఇప్పుడు ఫోనులోకి వచ్చిపడే తిట్లకు ఆ రెండూ ఉండవు. 2017లో ఒక కులం గురించి రచయిత కంచ ఐలయ్య రాసిన తెలుగు పుస్తకం మీద దుమారం లేచినప్పుడు, చంపుతామని ఫోన్లు వస్తున్నాయని ఆయన ఉస్మానియా యూనివర్సిటీ పోలీసులకు ఫిర్యాదు చేశారు. పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ పుస్తకం చదివి నొచ్చుకున్నవాళ్ల బాధ నిజమే కావచ్చు, దానికి మాటతో బదులివ్వవచ్చు. చంపుతామనడం మాత్రం విమర్శ కాదు, నేరం. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ బెదిరింపును శిక్షిస్తుంది. పేరు దాచుకుని బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది.

అందుకని బెదిరింపు వస్తే చెరిపేయకూడదు. తేదీతో, నంబరుతో సహా దాచి, ఇంట్లోవాళ్లకు చూపించి పోలీసులకు ఇవ్వాలి. ఉత్త బూతులకు బదులు రాయనక్కర్లేదు. అయితే తిట్ల మధ్యలో ఒక్కోసారి నిజమైన తప్పును పట్టిచూపే వాక్యం ఉంటుంది. మనం రాసిన అంకె తప్పయితే దిద్దుకోవాలి, తిట్టినవాడు పట్టుకున్నాడని మొండికేయకూడదు. రాత్రి ఒంటరిగా కూర్చుని అన్నీ మళ్లీ మళ్లీ చదువుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

1953లో ఆదివాసుల తరఫున మాట్లాడినందుకు ఒక అధికారి మాట పడ్డాడు. 2013 నాటికి వాళ్లే మాట్లాడారు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 18 తీర్పు ప్రకారం నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి, వాటిలో 7 రాయగడ జిల్లావే. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండల పిల్లలు ఇక వ్యాసాలు రాస్తారు, కోర్టుల్లో వాదిస్తారు, పత్రికల్లో పనిచేస్తారు. మహంతికి వెనక హోదా ఉంది, బంగళా ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయికి అవేవీ ఉండవు. అభివృద్ధికి అడ్డమని, ఇంకా నీచంగానూ ఆమెను తిట్టేవాళ్లుంటారు. ఆమె పక్కన కూర్చుని ఆ తిట్లు చదివే అధ్యాపకుడు, ఠాణాకు తోడు వెళ్లే పాత విద్యార్థి, రుసుము అడగని న్యాయవాది ఆమెకు కావాలి. పట్టా ఇచ్చిన సంస్థ ఆ ముగ్గురి పేర్లూ, ఫోన్ నంబర్లూ పట్టాతో పాటే ఆమె చేతిలో పెట్టాలి.