నీళ్లు బాగానే తాగాడు, మరి ఎందుకు పడిపోయాడు?

నేను కువైట్ సిటీ నుంచి మాట్లాడుతున్నా. బిల్డింగ్ సైట్లో సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడు. డాక్టర్ని కాదు. చూసింది, అడిగి తెలుసుకున్నది చెప్తాను, అంతే.

ఇక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు, రూలు. అందుకని తెల్లారకముందే పని మొదలుపెడతాం. అయినా 11 లోపల ఎండ తక్కువేం కాదు. ఒకరోజు పదిన్నరకి మా రాజంపేట కుర్రాడొకడు షట్టరింగ్ దగ్గర తూలుతున్నాడు. ఏం అడిగినా పొంతన లేని జవాబు. "ఏరా, తాగొచ్చావా?" అని కేకేశాను. అందరూ నవ్వారు. కాసేపటికి వాంతి చేసుకుని కూలబడ్డాడు.

హాస్పిటల్లో రక్తం తీసి ఒక మిషన్లో పెట్టారు. కొన్ని నిమిషాల్లోనే సోడియం 119 అని వచ్చింది. మామూలుగా 135, 145 మధ్య ఉండాలట. "ఏం తాగాడు?" అన్నారు డాక్టరు. "నీళ్లు సార్, పొద్దుట్నుంచీ బాగా తాగాడు" అన్నా గొప్పగా. గొడవంతా అక్కడే ఉంది. చెమటతో ఉప్పు పోయింది, బదులుగా ఉత్త నీళ్లు పోశాడు. రక్తంలో సోడియం పలచబడితే మెదడు కణాల్లోకి నీరు చేరి వాపు వస్తుంది. తూలడం, తికమక అందుకే.

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ని ఆ మిషన్ గురించి అడిగాను. విన్నాక, ఇది మన మల్టీమీటరు లాంటిదే కదా అనిపించింది. రెండు ఎలక్ట్రోడ్లు. ఒకటి మారకుండా నిలకడగా ఉంటుంది. రెండోదాని పొర సోడియానికే స్పందిస్తుంది. పొటాషియానికి వేరే పొర. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజి కొలిచి లెక్క కడతారు. గాఢత పది రెట్లు మారితే వచ్చే తేడా సుమారు 60 మిల్లీవోల్టులు. నేను కూర్చుని లెక్కేశా: 140 నుంచి 119కి పడిపోతే తేడా నాలుగు మిల్లీవోల్టుల పైచిలుకు, అంతే!

అందుకే అంకె తెలిసిన ద్రావణాలతో దాన్ని మాటిమాటికీ సరిచూస్తారు. లెవెల్ మిషన్ పెట్టగానే మనం బెంచ్‌మార్క్ చూసుకుంటామే, అలా. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మళ్లీ తీయాలి.

కుర్రాడికి సోడియం మెల్లగా పెంచారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకే దెబ్బట. నాలుగో రోజు క్యాంపుకొచ్చాడు. సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. నాకైతే ఇంకా పర్లేదు అనిపించలేదు.

ఇప్పుడు మా సైట్లో నీళ్ల డ్రమ్ము పక్కన ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తాగండి. ఎవరైనా తూలుతూ తికమకగా మాట్లాడితే నోట్లో ఏమీ పోయకండి, నీడకి చేర్చి 112కి ఫోన్ చేయండి. నాలాగా ముందు నవ్వకండి. ఉంటాను.