ముందు వరుసలో అమ్మ

ఈ ఉదయము ఓడ ఎక్కుటను గూర్చి మీతో కొంత మాట్లాడాలని ఆశపడుతున్నాను. "అయ్యగారికి ఓడలతో ఏమి పని?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మొన్నమొన్నటి వరకు యోనా ఎక్కిన ఓడ, పౌలు ఎక్కిన ఓడ తప్ప నాకును వేరే ఓడ తెలియదు. అయితే మన సంఘములలో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల యొద్దకు అమెరికా వెళ్తున్నారు. అక్కడ పిల్లలు సెలవు పెట్టుకొని, "నాలుగు రోజులు క్రూయిజ్‌కు వెళ్దాము రండి" అని టికెట్లు తీస్తున్నారు. మన విశాఖ రేవులో కూడ 2023లో ఇటువంటి ఓడల కొరకు ఒక టెర్మినల్ కట్టి తెరిచారు. కాబట్టి ఇది రేపు మీ ఇంటికి కూడ వచ్చే సంగతే.

నేను 2023 డిసెంబరులో మా అమ్మను తీసుకొని హ్యూస్టన్‌లో ఉన్న తమ్ముని ఇంటికి వెళ్లాను. అమ్మకు 74 ఏళ్లు, షుగరు వ్యాధి ఉన్నది. తమ్ముడు మా అందరికీ గాల్వెస్టన్ రేవు నుండి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లి వచ్చే ఓడలో రెండు గదులు తీసుకున్నాడు. ఒకటి వాళ్లకు, ఒకటి అమ్మకు, నాకు.

ఓడ సాయంత్రము 4 గంటలకు బయలుదేరుతుంది అని టికెట్టు మీద ఉన్నది. ఆ మాట చూచి మనవాళ్లు మోసపోతారు. 4 గంటలకు రేవుకు చేరేవాడు ఓడ వీపు చూస్తాడు, అంతే. అమెరికా రేవులలో ఓడ కదలడానికి కనీసము 60 నిమిషముల ముందే ప్రయాణికుల జాబితా సరిహద్దు శాఖకు చేరిపోవలెను. అందుచేత ఓడల కంపెనీలు గంటో గంటన్నరో ముందుగానే చెక్-ఇన్ మూసివేస్తాయి. మూసిన తరువాత వచ్చినవాని పేరు జాబితాలో ఉండదు, పేరు లేనివానిని ఎక్కించుకొనే అధికారము అక్కడ నిలబడిన అమ్మాయికి లేదు. ఆమె మీద కేకలు వేసి లాభము లేదు.

చెక్-ఇన్ అనేది ఇప్పుడు చాల వరకు ఇంటి దగ్గరే జరుగుతుంది. కంపెనీని బట్టి రెండు వారముల ముందో, నెలన్నర ముందో కంప్యూటరులో పాస్‌పోర్టు వివరములు, ఫొటో ఇచ్చి, రేవుకు ఏ వేళకు వస్తామో ఆ వేళను ఎంచుకోవలెను. ముందు చేసుకున్నవారికి మంచి వేళ దొరుకుతుంది. మన తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, అది ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పిల్లలు టికెట్టులో ఒక్క అక్షరము వేస్తారు. మా అమ్మ విషయములో అదే జరిగింది. తమ్ముడు రెండు వారముల ముందు చూచుకున్నాడు గనుక సరిదిద్దుకోగలిగాడు. రేవు దగ్గర చూచుకొని ఉంటే ఏమయ్యేదో!

వేళ గూర్చి ఇంకొక మాట. రేవులో ఎక్కేటప్పుడే కాదు, మధ్యలో దిగి ఊరు చూడబోయినప్పుడు కూడ తిరిగి వచ్చే వేళ ఉంటుంది. 2024 మార్చి నెలాఖరులో ఆఫ్రికా పక్కనున్న సావొ టొమె దీవిలో ఎనిమిది మంది ప్రయాణికులు సొంతముగా మాట్లాడుకున్న వాహనములో దీవి చూడబోయి ఆలస్యముగా వచ్చారు. ఓడ ఇంకా అక్కడే, కంటికి కనబడుతూ ఉన్నది. తీర రక్షక దళమువారు వారిని పడవలో ఓడ దగ్గరకు తీసుకొనిపోయారు కూడ. అయినను ఎక్కనివ్వలేదు. వారిలో వృద్ధులున్నారు, ఒక గర్భిణి ఉన్నది. వారి పాస్‌పోర్టులను రేవులోని ఏజెంటుకు అప్పగించి ఓడ వెళ్లిపోయింది. వారు దేశదేశములు తిరిగి, చివరకు సెనెగల్‌లోని డకార్‌లో ఆ ఓడను అందుకున్నారు. ఆదివారము ఆరాధనకు పాట అయిపోయిన తరువాత వచ్చే నా ప్రియ సహోదరులారా, నేను ఎవరినీ చూచి చెప్పడము లేదు!

ఇక ముందు వరుస సంగతి. రేవులో అందరికీ ఒకే వరుస ఉండదు. పెద్ద గదులు తీసుకున్నవారికి, ఆ కంపెనీ ఓడలలో ఎన్నోసార్లు తిరిగినవారికి, కొన్ని కంపెనీలలో అదనముగా డబ్బు కట్టినవారికి వేరే వరుస ఉంటుంది. వారు ముందు ఎక్కుతారు. మా తమ్ముడు ఆ డబ్బు కట్టాడు. అమ్మ నిలబడలేదని కట్టాడు, అది ప్రేమే. కాని అది ఒక్క గదికే వర్తిస్తుందని రేవుకు వెళ్లాక తెలిసింది. తమ్ముని సంసారము ముందు వరుసలోనికి, అమ్మ, నేను వెనుక వరుసలోనికి. ఎవరి కొరకు కట్టాడో ఆమె బయట ఉన్నది! తమ్ముని ముఖము చూడలేకపోయాను.

అప్పుడు అక్కడ పనిచేసే ఒకామె వచ్చి చక్రాల కుర్చీ కావాలా అని అడిగింది. నడవలేని వారికి వేరే దారి ఉన్నది, దానికి డబ్బు లేదు. "నాకు కాళ్లున్నాయి" అన్నది అమ్మ. నేను బతిమాలితే కూర్చున్నది. ఆ దారి డబ్బు కట్టిన వరుస కంటె కూడ వేగముగా కదిలింది. పన్నెండు కాకముందే, తమ్ముని కంటె ముందే మేము ఓడలో ఉన్నాము. నిజము చెప్తున్నాను, నా మనస్సు కొంచెము పొంగింది.

ఆ పొంగు అరగంట కూడ నిలువలేదు. రేవు బయటనే పెద్ద పెట్టెలను పోర్టర్లు తీసుకుంటారు. వాటికి గది నంబరు చీటీ కడతారు, అవి మధ్యాహ్నము దాటిన తరువాత, ఒక్కొక్కసారి రాత్రి భోజన వేళకు గది ముందుకు వస్తాయి. గదులు కూడ సాధారణముగా ఒంటిగంటన్నర వరకు ఇవ్వరు. అందుచేత ఎంత ముందు ఎక్కితే అంతసేపు పెట్టె లేకుండా ఉండవలెను. అమ్మ ఇన్సులిన్ ఆ పెద్ద పెట్టెలో ఉన్నది. ఆ పెట్టె సర్దినది నేనే.

భోజనశాలలో ఎన్ని రకముల వంటలో! పళ్లెము నింపి అమ్మ ముందు పెట్టాను. "మందు వేసుకోకుండ ఎట్లా తినను నాయనా? నువ్వు తిను" అన్నది. నేను తిన్నాను. శ్రోతలారా, ఈ మాట మీకు చెప్పడానికి నాకు చాల రోజులు పట్టింది. ఆకలిగా ఉన్నది, తినేశాను. ఉదయము ఏడు గంటలకు సూది వేసుకొని రెండు ఇడ్లీలు తిన్న తల్లి నా ఎదుట మంచినీళ్లు తాగుతూ కిటికీలోనుండి సముద్రము చూస్తూ ఉన్నది. మా మరదలు తన వరుసలో ఎక్కి వచ్చి, రాగానే అడిగిన మొదటి మాట, "అత్తయ్యా, మీ చేతులు ఎందుకు వణుకుతున్నాయి?"

ఓడలోని వైద్యశాలకు తీసుకువెళ్లాము. నర్సు వేలు గుచ్చి చూచి, షుగరు బాగా పడిపోయిందని, వెంటనే పండ్లరసము, రొట్టె ఇచ్చింది. తినకుండ ఉండటమే ఎక్కువ ప్రమాదమని నన్ను మందలించింది. పెట్టె మూడున్నరకు దొరికింది.

బేతెస్ద కోనేటి దగ్గర ముప్పది ఎనిమిది ఏండ్లు పడియున్న రోగిని గూర్చి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో. అతడు దిగేలోపల వేరొకడు ముందు దిగేవాడని మాత్రమే చెప్పేవాడను. తనను దింపడానికి మనిషి లేడని అతడు చెప్పుకున్న మాట మీద నేను ఎన్నడూ ఆగలేదు. ఆ రోజు అమ్మకు మనిషి ఉన్నాడు. ఎదురుగా కూర్చొని తింటున్నాడు.

ఆ సాయంత్రము ఓడ కదలకముందు అందరికీ ప్రమాద సమయములో ఎక్కడికి చేరవలెనో నేర్పించారు. ఇటలీ దగ్గర 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే ఓడ బండను కొట్టుకొని 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలాది మందికి ఆ శిక్షణ ఇంకా జరుగలేదు. ఆ తరువాతనే ఓడ బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే నేర్పాలని నియమము మార్చారు. అక్కడ పెద్ద గదివాడు, చిన్న గదివాడు ఒకే చోట నిలబడ్డారు.

మీ పిల్లలు టికెట్టు తీసేటప్పుడు చక్రాల కుర్చీ కావాలని ముందే వ్రాయించండి, సిగ్గుపడకండి. డబ్బు కట్టే వరుస ఏయే గదులకో అడగండి. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. మెక్సికో వెళ్లి రావడమంటే అమెరికాలో మరల ప్రవేశించడమే గనుక వీసా తేదీ కూడ చూచుకోండి.

చివరి రోజు తెల్లవారి దిగేటప్పుడు కూడ వరుసలే. కుర్చీ నెట్టే అబ్బాయి వచ్చి, అమ్మ ఒడిలోని గుడ్డసంచిని కుర్చీ వెనుక తగిలిస్తానన్నాడు. అమ్మ ఇవ్వలేదు. నేను చెయ్యి చాచాను. "పెద్దోడా, నీ పెట్టె నువ్వు మోసుకో. ఇది నా దగ్గరే ఉండనీ" అన్నది.