కర్బనపు అధ్యాయము



స్నాతకులారా, నేడు మీరు పట్టములు స్వీకరించుచున్న ఈ శుభసమయమున మీకు హితోపదేశము చేయుటకంటె, నేను మిగుల ప్రేమించిన యొక గ్రంథమును గూర్చి ముచ్చటించుట మేలని తలంచితిని. ఇటలీదేశమున ట్యూరిన్ నగరవాసియు, వృత్తిచే రసాయనజ్ఞుడును అగు ప్రీమో లేవీ 1975లో ప్రకటించిన 'ఆవర్తన పట్టిక' యందు అధ్యాయములు 21. ప్రతిదానికిని ఒక మూలకము పేరే శీర్షిక. ఆష్విట్జ్ నిర్బంధశిబిరమున ఆకలిచే కృశించుచు, ప్రయోగశాలనుండి దొంగిలించిన సీరియము కడ్డీలను సిగరెట్టు లైటర్ల రాళ్ళుగా అరగదీసి, రొట్టెకు మారకము చేసి, లేవీయు ఆయన మిత్రుడును కొన్నాళ్ళు ప్రాణములు నిలుపుకొనిన వృత్తాంతమును చదివినవారికి ఆ మూలకము మరల 58వ సంఖ్యగా మాత్రమే కనబడదు.

తుది అధ్యాయము కర్బనము. సున్నపురాతిలో చిరకాలము బంధితమైయున్న యొక పరమాణువు బట్టీనుండి వెలువడి, గాలిలో తిరిగి, ద్రాక్షాపత్రమున జొచ్చి, పెక్కు రూపములు దాల్చి, కడకు రచయిత మెదడున జేరి ఆయనచే కాగితముపై చుక్క పెట్టించును. బొగ్గుగనుల ఊరగు మన బెల్లంపల్లిలో ఆ కథ చదువువారికి మన కర్బనము స్ఫురింపక మానదు. 25 కోట్ల యేండ్లకు పూర్వమే గోండ్వానా ఖండపు చిత్తడినేలలలో గ్లాసోప్టెరిస్ వృక్షములు గాలినుండి గ్రహించిన కర్బనము గోదావరిలోయలో బొగ్గై నిలిచినది. మీ తాతలు, తండ్రులు షిఫ్టు సైరను విని బొగ్గుబావిలో దిగి త్రవ్వితెచ్చినది దానినే. అదియే ఉదజనితో కూడి మీథేనై, గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ళవరకు కలిసినపుడు నిప్పురవ్వ సోకినంతనే ప్రేలును. చాలినంత ప్రాణవాయువు లేక కాలినపుడు రంగును వాసనయు లేని మోనాక్సైడై ఊపిరి తీయును. మీరు సమీకరణములుగా నేర్చినదానిని మీ యింటివారు ప్రాణములొడ్డి యెరిగియున్నారు. ఆ యెరుకను శాస్త్రముగా గణింపని విద్య అసంపూర్ణమని నా నిశ్చితాభిప్రాయము.

లేవీ గ్రంథమున హీలియమునకు అధ్యాయము లేదు; కాని దాని కథలో మన నేలకును పాలున్నది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఖగోళశాస్త్రజ్ఞులగు జాన్సెన్ గుంటూరునను, పాగ్సన్ మచిలీపట్టణమునను వర్ణపటదర్శినులతో పరిశీలించిరి. నాడు గోచరించిన పసుపు రేఖయే పిమ్మట హీలియము జాడగా తేలినది. 1895లో గాని రసాయనజ్ఞుడగు రామ్సే దానిని భూమిపై పట్టలేదు. ఇట్టి ఘట్టములు మన నేలపైననే జరిగియుండగా వానిని మన పిల్లలకు మనము చెప్పకుండుట న్యాయము కాదు.

స్నాతకులారా, హీలియమును గుంటూరువారికి విడిచినను, కర్బనపు అధ్యాయమును మీరే తెలుగున వ్రాయుడు. బావిలో దిగినవారు ఇంకను మీ యిండ్లలో నున్నారు. కలము పట్టుటకు ముందు వారి నడిగి తెలిసికొనుడు.